లేఅవుట్‌లో ఇంకుడు బావులు వేయించాలంటే ముందు ఎవర్ని కలవాలి

2024 ఎండాకాలం బెంగళూరులో ఉన్నవాళ్లెవరూ అంత తేలిగ్గా మర్చిపోలేరు. సర్జాపుర్ రోడ్డు వైపు మా లేఅవుట్‌లో రెండు బోర్లూ ఎండిపోయాయి, పొద్దున లేస్తే ట్యాంకర్ వచ్చిందా అని గేటు వైపు చూడ్డమే పని, తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అని వాటర్ బోర్డు ఆర్డర్ వేసింది కూడా ఆ మార్చిలోనే. ఆ తర్వాతే మేం వాన నీళ్లని భూమిలోకి దింపే ఇంకుడు బావులు వేయించుకున్నాం. ఇది ఒక్క అసోసియేషన్ వల్ల అయ్యే పని కాదండీ, బావి తవ్వేవాళ్లు, వాటర్ బోర్డు, కార్పొరేషన్, పక్కనున్న స్కూలు, డబ్బులిచ్చే కంపెనీ, అందరూ కావాలి. అలాగని అందర్నీ ఒకేసారి మీటింగ్‌కి పిలవకండి. మేం అదే చేసి మూడు నెలలు పోగొట్టుకున్నాం.

ముందు బావి తవ్వేవాళ్లని కలవండి. మన వైపు వడ్డెరలు అంటామే, ఇక్కడ మన్ను వడ్డర్లు అంటారు, తరాలుగా బావులు తవ్వడమే వాళ్ల వృత్తి. 10 లక్షల ఇంకుడు బావులు అని బయోమ్ ట్రస్ట్ అనే బెంగళూరు సంస్థ మొదలుపెట్టిన ప్రయత్నం నడుస్తున్నది కూడా వీళ్ల చేతుల మీదుగానే. మా దగ్గరికొచ్చిన పెద్దాయన మాతో తెలుగులోనే మాట్లాడాడు. మేం డ్రాయింగ్ చూపిస్తే పక్కన పెట్టి, వాన పడితే నీళ్లు ఎక్కడ నిలబడతాయని వాచ్‌మన్‌ని అడిగాడు. డ్రాయింగ్‌లో 15 అడుగుల లోతని ఉంది. అంత లోతు తవ్వాక చిటికెడు మట్టి తీసి, తడిపి, వేళ్ల మధ్య నలిపి, "ఇంకా బంకమట్టే సార్, ఇక్కడ ఆపేస్తే నీళ్లు నిలబడతాయి గానీ కిందికి దిగవు" అన్నాడు. 22 అడుగుల్లో నీళ్లు దిగే మొరం తగిలింది, అప్పుడు ఆపాడు. అందుకే కూలీ మాట్లాడుకునేటప్పుడు బావికింత అని కాకుండా అడుగుకింత అని మాట్లాడుకోండి, లోతు ఎంతన్నది వాళ్లకి వదిలేయండి.

అసోసియేషన్‌లో ఒప్పించాలంటే లెక్క చూపించండి. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే 1,000 చదరపు అడుగుల మిద్దె మీద దాదాపు 90,000 లీటర్లు. కొంత పోయినా 12,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు వచ్చినట్టే కదా, అదీ ఒక్క మిద్దె నుంచే. మా దగ్గర ఈ లెక్క విన్నాక వద్దన్నవాళ్లే ముందు చందా ఇచ్చారు.

వాటర్ బోర్డు దగ్గరికి కంప్లయింట్ పట్టుకుని కాదు, స్కెచ్ పట్టుకుని వెళ్లండి. వాన నీళ్లు పట్టాలని 2009 నుంచే రూల్ ఉంది, కొత్త ఇల్లయితే 30x40 అడుగుల సైటు నుంచి, పాతదైతే 60x40 నుంచి. జయనగర్‌లో వాళ్లదే విశ్వేశ్వరయ్య పేరుతో వాన నీళ్ల థీమ్ పార్క్ ఉంది, ఒక రోజు కమిటీ వాళ్లని అక్కడికి తీసుకెళ్తే సగం సందేహాలు తీరిపోతాయి. పార్కులోనో రోడ్డు పక్కనో తవ్వాలంటే మాత్రం కార్పొరేషన్ నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ ఉండాల్సిందే, నోటిమాట నమ్ముకుని తవ్వకండి.

ఇక కంపెనీ డబ్బులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి ఖర్చు పెట్టాలి, పర్యావరణం పనులు కూడా అందులోకే వస్తాయి. కానీ ఆ డబ్బు మన గేటెడ్ లేఅవుట్‌కి అడగొద్దు, అది నలుగురికీ పనికొచ్చే చోటికి పోవాలి. మేమేం చేశామంటే మా బావులకి మేమే చందాలు వేసుకున్నాం, పక్కనున్న గవర్నమెంట్ స్కూల్లో రెండు బావులకి కంపెనీని అడిగాం. ఫిబ్రవరి, మార్చిలో హడావుడిగా కాకుండా ఏప్రిల్, మేలోనే అడగండి, బడ్జెట్ వేసుకునే టైమ్ అది. స్కూలు బావుల దగ్గర పిల్లలు వాన కొలిచే గొట్టం పెట్టుకుని రోజూ నోట్‌బుక్‌లో రాస్తున్నారు, ఎంత బాగా రాస్తారో చూస్తే ముచ్చటేస్తుంది.

పక్క ఊరి బోరు ఓనర్లతో, ట్యాంకర్ వాళ్లతో గొడవ పెట్టుకోకండి, వాళ్లని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. మనం ఇంకించిన నీళ్లు వాళ్ల బోర్లలోకి కూడా పోతాయి, వాళ్లు ఎక్కువ తోడితే మనకీ తగ్గుతాయి.

పనిలో రెండు జాగ్రత్తలు. పార్కింగ్‌లో ఆయిల్ కలిసిన నీళ్లు, డ్రైనేజీ నీళ్లు బావిలోకి పోనివ్వకండి, ఒకసారి కింద నీళ్లు పాడైతే బాగుచేయడం చాలా కష్టం. బావికి ముందు మట్టి ఆగే చిన్న తొట్టి కట్టించి, జెల్లీ (కంకర), ఇసుక వేయించండి, పైన గట్టి మూత పెట్టి తాళం వేయండి, పిల్లలు తిరిగే చోటు కదా. ఆ తొట్టిలో పూడిక ప్రతి మే నెలలో, పెద్ద వానలు రాకముందే తీయించాలి. తవ్విన వాళ్లకే ఆ పని ఏడాదికింతని మాట్లాడి, ఆ ఖర్చు మెయింటెనెన్స్ బడ్జెట్‌లో ఇప్పుడే రాయించేయండి, కమిటీ మారినా ఆగిపోకుండా ఉంటుంది.