పిల్లాడి మొహం వాచి మూత్రం డికాషన్ రంగులో వస్తుంటే: కాళ్లు కూడా చూడండి

సమస్య: పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, మూత్రం తగ్గిపోయింది, వచ్చేది కూడా డికాషన్ రంగు. ఇది స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతుకో చర్మానికో సోకిన కొన్ని వారాలకి వచ్చే కిడ్నీ వాపు (పోస్ట్ స్ట్రెప్టోకాకల్ గ్లోమెరులోనెఫ్రైటిస్) కావొచ్చు.

ముందు బీపీ చూడండి, పిల్లల సైజు పట్టీతోనే, తర్వాత యూరిన్ టెస్ట్. పది నిమిషాల పని. ఇది చెయ్యకుండా ఎలర్జీ అని మాత్ర ఇచ్చి పంపేస్తే నాలుగు రోజులకి బీపీ పెరిగి ఫిట్స్‌తో వస్తున్నారు, ఎన్నిసార్లు చూశానో.

అసలు కారణం: గొంతు నొప్పి వచ్చిందా అని అందరూ అడుగుతారు, చర్మం సంగతి ఎవరూ అడగరు. నేనూ ఒకసారి ఇక్కడే దెబ్బతిన్నా. ఏఎస్‌ఓ (స్ట్రెప్టోకాకస్ వదిలే స్ట్రెప్టోలైసిన్ అనే విషం మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీని కొలిచే రక్త పరీక్ష) నార్మల్ వచ్చింది కదా, స్ట్రెప్టోకాకస్ కాదులే అని రెండ్రోజులు ఏవేవో వెతికా, చివరికి వాళ్ల అమ్మమ్మ ప్యాంటు పైకి లాగి చూపించింది, మోకాళ్ల కింద మానిపోయిన గజ్జి పుండ్ల మచ్చలు. చర్మంలో ఉండే కొవ్వు స్ట్రెప్టోలైసిన్‌ని పనిచెయ్యనివ్వదు, అందుకే పుండ్ల కేసుల్లో ఏఎస్‌ఓ చాలాసార్లు పెరగదు, అదే సూక్ష్మజీవి వదిలే ఇంకో పదార్థం మీది యాంటీబాడీని కొలిచే యాంటీ డీఎన్‌ఏజ్ బీ పరీక్ష చేయిస్తే దొరుకుతుంది. పైగా గొంతు నుంచైతే 1-3 వారాలకి వస్తుంది, పుండ్ల నుంచైతే 3-6 వారాలు, అప్పటికి పుండు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

సూక్ష్మజీవి నేరుగా కిడ్నీని తినెయ్యదు. దాని మీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలు దాని ముక్కలతో కలిసి కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడలో ఇరుక్కుంటాయి, అక్కడ కాంప్లిమెంట్ (రక్తంలో ఉండే రక్షణ ప్రోటీన్ల గుంపు) రాజుకుంటుంది, తెల్లకణాలు వచ్చి పడతాయి, జల్లెడ చిల్లిపడి రక్తం కారుతుంది, ఉప్పూ నీళ్లూ ఒంట్లోనే ఉండిపోతాయి. ఆ గుంపులో ఒకటైన సీ3 అక్కడే ఖర్చయిపోతుంది కాబట్టి రక్తంలో తగ్గుతుంది.

పరిష్కారం: ఉప్పు బంద్, నీళ్లు కొలిచి ఇవ్వాలి, ఒంట్లో నీళ్లు మూత్రంలో పోయేలా ఫ్యూరోసమైడ్ మందు, బీపీ తగ్గకపోతే దానికి మందు. పెన్సిలిన్ ఇస్తాం కానీ అది మిగిలిన సూక్ష్మజీవుల కోసం, కిడ్నీ వాపు దానితో తగ్గదు. ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు, మూత్రంలో కంటికి కనపడని రక్తం మాత్రం కొన్ని నెలలు ఉండొచ్చు, కంగారొద్దు. సీ3 మాత్రం 8 వారాలకి మళ్లీ చేయించండి, అప్పటికీ తక్కువే ఉంటే ఇది స్ట్రెప్టోకాకస్ తర్వాత వచ్చే జబ్బు కాకపోవచ్చు, బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఆలోచించాలి.

మిగతావి: జలుబు చేసిన ఒకట్రెండు రోజులకే మూత్రం ఎర్రగా వచ్చి, సీ3 నార్మల్ ఉంటే ఐజీఏ నెఫ్రోపతి, అంటే ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకునే జబ్బు. కీళ్ల నొప్పులు, మొహం మీద ఎర్ర మచ్చలు, సీ3తో పాటు అదే గుంపులోని సీ4 కూడా తక్కువ, అయితే లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడిచేసే జబ్బు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) రోజురోజుకీ పెరిగిపోతుంటే జబ్బు పేరు తర్వాత చూసుకోవచ్చు, ఆ రోజే కిడ్నీ డాక్టర్ దగ్గరికి పంపండి.