బ్లాక్‌లిస్ట్‌కి లొంగని ఐపీవీ6
భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల మేత షాపుల్లో బిల్లింగ్‌కి లైనక్స్ వాడేవాళ్లకి ఒక మాట. ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి) ఆపుదామని దాని మాడ్యూల్‌ని (కెర్నెల్‌కి విడిగా తగిలించే ముక్కని) బ్లాక్‌లిస్ట్‌లో, అంటే లోడ్ చేయొద్దని చెప్పే జాబితాలో, రాసినా ఆగదు. ఉబుంటు, డెబియన్‌లలో అది కెర్నెల్‌లోనే (లైనక్స్ గుండెకాయలోనే) కలిసి వస్తుంది, లోడైన మాడ్యూళ్లు చూపే ఎల్ఎస్‌మాడ్ కమాండ్‌లో కూడా కనపడదు. పులస పులుసులో కలిసిన చింతపండు రసాన్ని మళ్లీ విడదీయలేం కదా!

అందుకే గ్రబ్ (కంప్యూటర్ ఆన్ కాగానే లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్) డీఫాల్ట్ ఫైల్లో కెర్నెల్ లైన్‌కి, కొటేషన్ గుర్తుల లోపలే, 'ఐపీవీ6.డిసేబుల్=1' చేర్చండి. ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వద్దు. అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. 'ఐపీ ఏ' కొడితే ఐనెట్6 లైన్లు, అంటే ఐపీవీ6 అడ్రసులు, పోయి ఉండాలి.

ఐపీవీ6 అడ్రస్ మీదే వినేలా సెట్ చేసిన సర్వర్ ప్రోగ్రాములు ఆ తర్వాత స్టార్ట్ కాకుండా మొండికేయొచ్చు. ఆ టెన్షన్ తగ్గాలనుకుంటే సిస్‌కంట్రోల్‌లో (నడుస్తున్న కెర్నెల్ సెట్టింగులు మార్చే కమాండ్) 'డిసేబుల్_ఐపీవీ6'ని 1 చేయండి. అడ్రసులు మాత్రమే పోతాయి, రీబూట్ కూడా అక్కర్లేదు. నా ఓటు దీనికే.