ఇంట్లో స్పానిష్ – మూడో పాఠం: నాకు నచ్చుతుంది, నాకు నచ్చుతాయి

పిల్లలు బిగ్గరగా చదువుతుంటే పక్కన కూర్చుని ఎలా వినాలో పోయిన పాఠంలో చూశాం. స్పానిష్‌లో త, ద మన త, ద లాగే నాలుక పళ్లకు తగిలి పలుకుతాయి, ఇంగ్లీషులోలాగా ట, డ కావు. ఈ వారం కూడా చెవి అక్కడే పెట్టండి. ‘గుస్తా’ అనాల్సిన చోట ‘గుస్టా’ అని వినిపిస్తే మళ్లీ ఒకసారి అనిపించండి, చాలు.

ఇక వాక్యం. బడిలో స్పానిష్ తీసుకున్న పిల్లలు మొదటి ఏడాదిలో బాగా తడబడే చోట్లలో ఇదొకటి. వాళ్లు మనసులో ముందు ‘ఐ లైక్’ అనుకుంటారు. ‘నేను’కు స్పానిష్‌లో ‘యో’ కాబట్టి ‘యో గుస్తో’ అని రాసేస్తారు, మార్కు పోతుంది. ఇంగ్లీషు మీదుగా వెళ్లడం వల్లే ఈ ఇబ్బంది. అదే పిల్లాణ్ణి తెలుగులో అడిగి చూడండి. ‘నేను మామిడిపండు నచ్చుతాను’ అని ఎవరూ అనరు కదా! ‘నాకు మామిడిపండు నచ్చుతుంది’ అంటాం. స్పానిష్ వాళ్లూ అంతే: ‘మె గుస్తా ఎల్ మాంగో’. మె అంటే నాకు, గుస్తా అంటే నచ్చుతుంది. పళ్లు ఎక్కువైతే మనం ‘నచ్చుతాయి’ అన్నట్టే వాళ్లు చివర న్ చేర్చి ‘మె గుస్తాన్ లోస్ మాంగోస్’ అంటారు.

అందుకే ఇంగ్లీషు అంతగా రాని తల్లిదండ్రులు ఈ పాఠంలో వెనకబడినట్టు అనుకోవద్దు. శ్రీకాకుళం, విజయనగరం వైపు స్పానిష్ ట్యూషన్ దొరకడం కష్టం. ఈ ఒక్క విషయంలో మాత్రం మీ తెలుగే ట్యూషన్.

మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు నాలుగే: మె – నాకు, తె – నీకు, లె – అతనికి లేదా ఆమెకు, నోస్ – మాకు. ‘మీకు’, ‘వాళ్లకు’ తర్వాత చూద్దాం. ‘నచ్చదు’ అనడానికి ముందు ‘నో’ పెడితే సరి: ‘నో మె గుస్తా’.

రాత్రి అన్నాల దగ్గర ఓ పది నిమిషాలు చేయండి. మీరు తెలుగులో అడగాలి, పిల్లలు స్పానిష్‌లో చెప్పాలి. ‘నీకు ఈత కొట్టడం నచ్చుతుందా?’ అంటే ‘సీ, మె గుస్తా నదార్’. పనులు రెండు చెప్పినా గుస్తా మారదు, న్ రాదు. వస్తువుల దగ్గరే న్ సంగతి. మీరు వినాల్సింది రెండే: ముందు మె, తె, లె వచ్చిందా, చివర న్ ఉండాల్సిన చోట ఉందా. వాక్యం మధ్యలో మాత్రం దిద్దకండి. ఈ వయసు పిల్లలు ఇంట్లోవాళ్ల ముందు మాటిమాటికీ ఆపించుకుంటే ఆ భాషే మాట్లాడటం మానేస్తారు. పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాత ‘నచ్చుతుందా, నచ్చుతాయా?’ అని అడగండి. చాలాసార్లు వాళ్లే సర్దుకుంటారు.

తెలుగు కాపాడని చోట్లూ ఉన్నాయి. జీడిపప్పు మనకు ఏకవచనం. పలాస నుంచి కిలో తెచ్చినా ‘జీడిపప్పు నచ్చుతుంది’ అనే అంటాం. స్పానిష్‌లో అవి ‘లోస్ అనకార్దోస్’, బహువచనం, కాబట్టి గుస్తాన్. రెండోది, మనిషిని పేర్కొంటే ‘ఆ’ ముందు పెట్టాలి, పైగా ‘లె’ కూడా ఉండాలి. నానమ్మకు కొబ్బరి నచ్చుతుంది: ‘ఆ మి అబుఎలా లె గుస్తా ఎల్ కోకో’. మనకు ఆ ‘లె’ అదనంగా కనిపిస్తుంది కాబట్టి పిల్లలు వదిలేస్తారు. దాన్ని పట్టుకోవడం మీ పని.

ఇంకొకటి, టీనేజీ పిల్లలకు తప్పక చెప్పాలి. స్నేహితుల గురించి ‘గుస్తా’ వాడితే ప్రేమ, ఆకర్షణ అన్న అర్థం వచ్చేస్తుంది. మంచివాడు, నాకు పడతాడు అనడానికి ‘మె కాయె బియెన్’ అంటారు. ఇది పరీక్ష కోసం కాదు, మనుషులతో మాట్లాడటం కోసం.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ప్రతి ఒక్కరికీ నచ్చేది ఒకటి, నచ్చనిది ఒకటి పిల్లల చేత చెప్పించి నోట్సులో రాయించండి. సరిచూసుకోవడానికి రెండు జవాబులు:

నాన్నకు జీడిపప్పు నచ్చుతుంది – ఆ మి పాద్రె లె గుస్తాన్ లోస్ అనకార్దోస్.

అమ్మకు కాఫీ నచ్చదు – ఆ మి మాద్రె నో లె గుస్తా ఎల్ కఫే.

వచ్చే పాఠంలో ‘నాకు తల నొప్పిగా ఉంది’. అదీ ఇదే అచ్చులో వస్తుంది: ‘మె దుఎలె లా కబేసా’.