చిన్న వ్యాపారులకు స్వయంబోధన – 4వ పాఠం: చెడిపోయిన ముక్కను చేతిలోకి తీసుకోండి

నడుస్తున్న వ్యాపారాన్ని మళ్లీ కొత్తగా ఎలా కట్టుకోవాలో ఈసారి చెప్తానని పోయిన పాఠం చివర రాశాను. దాని గురించి ఇవాళ కొంచెమే చెప్పగలను. మూడో పాఠంలో ఇచ్చిన పని దగ్గరే చాలామంది ఆగిపోయారు. అందులో నా తప్పు ఉంది. 'మీ వ్యాపారంలో మీకు రానివి ఐదు రాయండి' అని ఒక్క వాక్యంతో వదిలేశాను. ఎలా రాయాలో చెప్పలేదు.

మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. మార్కెటింగ్ రాదు, ఇంగ్లిష్ రాదు, జీఎస్టీ రాదు, ఆన్‌లైన్ రాదు, పనివాళ్లతో పని చేయించుకోవడం రాదు. ఇంచుమించు అందరివీ ఇవే. టిఫిన్ సెంటర్ నడిపే తమ్ముడూ ఇవే రాశాడు, చీరలమ్మే అక్కా ఇవే రాసింది, వెల్డింగ్ షాపు పెద్దాయనా ఇవే రాశారు. ఇన్ని రకాల వ్యాపారాలకు ఒకే ఐదు జబ్బులు ఉండవు. అవి మీ కొట్టులోంచి వచ్చిన మాటలు కావు, ఎక్కడో విన్నవి.

కొందరు తమకు రానివి రాయమంటే పనివాళ్లకు రానివి రాశారు. ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ముందు సొయిచిరో హోండా దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్దాం. మన ఊళ్లలో హీరో హోండా బండి ఎక్కనివాళ్లు తక్కువ. ఆ పేరులో సగం ఈయనదే. కమ్మరి కొడుకు, 1906లో పుట్టాడు. జపాన్‌లోని హమమాత్సులో కార్ల రిపేరు షాపు బాగా నడుపుకుంటున్నవాడు, అది చాలదనుకుని ఇంజిన్‌లో పిస్టన్ చుట్టూ బిగించే పిస్టన్ రింగులు తయారుచేయాలని దిగాడు. పోతపోసిన రింగులు పనికి రాలేదు. రాత్రింబవళ్లు కష్టపడ్డాడు, అయినా రాలేదు. చివరికి రింగు పట్టుకుని ఊళ్లోని సాంకేతిక కళాశాలకు వెళ్తే, అందులో సిలికాన్ తక్కువుందని అక్కడి ప్రొఫెసర్ చెప్పాడు. సిలికాన్ సంగతే తనకు తెలియదని హోండాకు అప్పుడు తెలిసింది. ముప్పై దాటిన వయసులో, ఒక షాపు యజమాని అయ్యుండి, కుర్రాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని లోహాల గురించి నేర్చుకున్నాడు. పరీక్షలు రాయలేదు. డిప్లొమా ఇచ్చేది లేదన్నారు, ఆయనకు అది అక్కర్లేదు.

ఇక్కడిదాకా పోయినసారి చెప్పాను. తర్వాత జరిగింది చెప్పలేదు, అక్కడే పొరపాటు చేశాను. అంత చదివాక కూడా ఆయన ఓడిపోయాడు. 30 వేల రింగులు చేసి, వాటిలోంచి 50 ఏరి టయోటాకు పరీక్షకు పంపితే 3 మాత్రమే నెగ్గాయి. అప్పుడు యూనివర్సిటీలూ ఉక్కు కర్మాగారాలూ తిరిగాడు. తిరగడానికే మరో రెండేళ్ల దాకా పట్టింది. ఆయన నోట్లో 'నాకు లోహశాస్త్రం రాదు' అన్న మాట ఉండి ఉంటే, ఏ ప్రొఫెసరైనా ఏం చెప్పగలడు? మొదటి పాఠం నుంచి చదువుకోమంటాడు. చేతిలో ఫలానా రింగు ఉంది కాబట్టి ఫలానా లోపం బయటపడింది.

నన్ను బాగా బాధపెట్టే ఉచ్చు ఇదే. లోపాన్ని సబ్జెక్టు పేరుతో రాయడం. కొంచెం విసుగనిపించినా ఓపిగ్గా వినండి, ఎందుకంటే ఇందులో నేనే మూడేళ్లు పోగొట్టుకున్నాను.

నాది ఆఫ్‌సెట్ ప్రెస్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఉన్నది ఒక్క రంగు మిషను. నాలుగు రంగుల పని వస్తే కాగితం నాలుగుసార్లు మిషన్‌లోంచి పోవాలి. వానాకాలం వచ్చిందంటే రంగు మీద రంగు కూర్చునేది కాదు. పెళ్లికూతురి పెదవి ఎరుపు గడ్డం మీదికి జారేది. నా పుస్తకంలో ఏటా 'ప్రింటింగ్ క్వాలిటీ లేదు' అని రాసుకున్నాను. ఆ మాటకు తగ్గట్టే మందులు వెతికాను. కొత్త రోలర్లు వేయించాను, ఇంకు మార్చాను, మంచి ఆపరేటర్‌ని మాన్పించాను. నాలుగో ఏడు ఒక సాయంత్రం చెడిపోయిన షీట్లు నేల మీద వరసగా పరిచి, మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మొదటి రోజు వేసిన రెండు రంగులు చక్కగా కలిశాయి. మర్నాడు వేసిన రంగు జరిగింది. అది కూడా షీటు మధ్యలో తక్కువ, అంచుల దగ్గర ఎక్కువ. ఆ షీటు చుట్టుకుని మేము కాగితం కొనే హోల్‌సేల్ కొట్టుకు వెళ్లాను. గుమాస్తా దాన్ని బల్ల మీద పరిచి, అంచు మీద వేలు పోనిచ్చి, 'రాత్రి కప్పకుండా వదిలేశారా?' అని అడిగాడు. కాగితం తడిగాలి పీల్చి అంచుల దగ్గర సాగింది. ప్లాస్టిక్ షీటు కప్పడం మొదలుపెట్టాం. కొత్త రీము వచ్చిన వెంటనే విప్పకుండా ఒక రోజు మిషన్ గదిలోనే ఉంచడం అలవాటు చేసుకున్నాం. నేను మాన్పించిన ఆపరేటర్ తప్పు అందులో ఏమీ లేదు. వెళ్లి ఆ మాట ఆయనతో చెప్పాను, కానీ అప్పటికే వేరే ఊళ్లో పనికి కుదిరాడు.

కాబట్టి మీ కాగితం మీద రాసిన ప్రతి మాటనూ ఇలా అడగండి: దీన్ని చేత్తో పట్టుకోగలనా? లెక్కపెట్టగలనా? ఏ పూట జరిగిందో చెప్పగలనా? మూడింటికీ కాదు అని వస్తే అది ఇంకా సబ్జెక్టు పేరే.

టిఫిన్ సెంటర్ తమ్ముడి 'మార్కెటింగ్ రాదు' తీసుకుందాం. జనం ఎప్పుడు తగ్గారు అని అడిగాను. తొమ్మిదిన్నరకు అన్నాడు. ఆ టైములో ఏమవుతుంది? మొదటి వాయి ఇడ్లీ అయిపోతుంది, రెండో వాయి దిగడానికి పావుగంట పడుతుంది. నిలబడ్డవాళ్లు ఎదురు హోటల్‌కి పోతున్నారు. ఎంతమంది? తెలియదు. మూడు రోజులు లెక్కపెట్టమన్నాను. రోజుకు పది మందికి తగ్గలేదు. అతను ఫ్లెక్సీ వేయించడానికి డబ్బు దాచుకుంటున్నాడు. అతనికి కావలసింది ఇంకో ఇడ్లీ పాత్ర, తొమ్మిదింటికే స్టవ్ మీద పడే రెండో వాయి.

'జీఎస్టీ రాదు' అన్నవాళ్లలో ఒకాయనకు నిజంగా ఉన్నది ఒకే చిక్కు. కొన్న సరుకు మీద కట్టిన పన్ను తన ఖాతాలో జమగా కనిపించడం లేదు. సరుకు అమ్మినాయన తన అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు చూపించకపోతే, మనకు రావాల్సిన జమ చూపించే 2బీ పట్టీలోకి అది రాదు. అంటే ఫలానా బిల్లు నంబరు పట్టుకుని, ఫలానా వ్యాపారికి ఫోన్ చేయాలి. చట్టం మొత్తం చదవక్కర్లేదు.

అమెరికాకు పచ్చళ్లు పంపే అమ్మ 'ఇంగ్లిష్ రాదు' అని రాశారు. ఆవిడ ఆగిపోయింది ఒక్క ప్రశ్న దగ్గర. పచ్చడిలో ఏమేం వేశారో ఇంగ్లిష్‌లో పంపమని అక్కడివాళ్లు అడిగారు. ఆవకాయకూ గోంగూరకూ మాగాయకూ కలిపి రాస్తే ఒక పేజీ. పక్కింట్లో డిగ్రీ చదివే పిల్ల ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఆవిడ ఆరు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు ఫీజు కనుక్కుంటున్నారు. అమ్మా, ఆ డబ్బు ఆవాలకూ నూనెకూ ఉంచుకోండి.

'ఆన్‌లైన్ రాదు' అన్న చీరలక్కది కూడా ఇంతే. ఫొటోలో ఊదాగా కనిపించిన చీర ఇంటికెళ్లేసరికి నీలంగా ఉందని వెనక్కి వస్తోంది. ట్యూబులైటు కింద కాకుండా పొద్దుటి వెలుతురులో ఫొటో తీయండి, చూద్దాం.

కోర్సు మొత్తం నేర్చుకోవాలని ఎవరైనా బయల్దేరితే నేను ఆపుతాను. ఇది నా పద్ధతి, అందరూ ఒప్పుకోరు. అడ్డం పడ్డ ముక్క వరకు నేర్చుకుని వచ్చేయండి. తర్వాతి ముక్క అడ్డం పడ్డప్పుడు మళ్లీ వెళ్దురుగాని. రాసుకోవడం కూడా ఫోన్‌లో వద్దు. లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్. ఫోన్‌లో రాసుకున్నది నేను రెండోసారి తెరిచి చూసింది లేదు.

ఇప్పుడు ఐదో మాట, పనివాళ్ల సంగతి. వెల్డింగ్ షాపు పెద్దాయన 'కుర్రాళ్లు కొలత తప్పు కోస్తున్నారు' అని రాశారు. కొలత ఎలా ఇస్తున్నారని అడిగితే సైటు నుంచి ఫోన్‌లో చెప్తానన్నారు. గేటు బొమ్మ గీసి, కొలతలు వేసి, దాన్ని ఫొటో తీసి పంపండి. రెండు వారాల తర్వాత ఎన్ని ముక్కలు తప్పాయో చూసి, అప్పుడు కుర్రాళ్ల గురించి మాట్లాడుకుందాం.

నాయకత్వం గురించి నేను చెప్పదలచుకున్నది ఇంకొకటుంది. లోపాల జాబితాలో అన్నీ మీరే నేర్చుకోవాల్సిన పని లేదు. హోండాకు మిషన్లు వచ్చు, డబ్బు లెక్కలు పట్టవు. కోపం కూడా జాస్తి. 1949లో తకేవో ఫుజిసావా అనే ఆయన వచ్చి చేరాడు. డబ్బూ అమ్మకాలూ పూర్తిగా ఆయనవి. కంపెనీ ముద్రను కూడా హోండా ఆయన చేతికే ఇచ్చేశాడు. జపాన్‌లో కంపెనీ ముద్ర అంటే మన దగ్గర చెక్కు బుక్కూ సంతకమూ కలిపి ఇచ్చినట్టు. 1952లో సైకిల్‌కు తగిలించే చిన్న ఇంజిన్ అమ్మాల్సి వచ్చినప్పుడు, ఫుజిసావా దేశంలోని 50 వేలకు పైగా సైకిల్ షాపులకు ఉత్తరాలు రాశాడు. డీలర్ల వ్యవస్థ అలా పుట్టింది. ఇంజిన్ గదిలో కూర్చున్న హోండాకు తట్టే ఆలోచన కాదది.

మన దగ్గర బావమరిదికి లెక్కలు అప్పగిస్తారు, గల్లాపెట్టె తాళం మాత్రం మొలలోనే ఉంటుంది. అలా అప్పగించినా ఒకటే, అప్పగించకపోయినా ఒకటే. మీ ఐదింటిలో ప్రతిదాని పక్కనా 'నేర్చుకుంటాను' అనో 'ఇచ్చేస్తాను' అనో రాయండి. ఏది రాయాలో తేలకపోతే నేను వాడే గుర్తు ఇది: ఆ పని కోసం పొద్దున్నే లేవబుద్ధి అయితే నేర్చుకోండి, కాకపోతే ఇచ్చేయండి. ఇచ్చేస్తాను అని రాసినచోట ఎవరికి, ఏ తాళంతో సహా అన్నది కూడా రాయాలి.

ఇక మళ్లీ మొదలుపెట్టడం. ఈ వారానికి ఒక్క సంఘటన చెప్తాను. తనకు తెలియనిదాన్ని అంత వినయంగా అడిగి తెలుసుకున్న హోండాయే, అరవై దాటాక తనకు బాగా తెలిసినచోట ఇరుక్కున్నాడు. ఇంజిన్‌ను గాలితోనే చల్లబరచాలన్నది ఆయన పట్టుదల. నీళ్లను కూడా చివరికి గాలే కదా చల్లబరిచేది, మధ్యలో నీళ్లెందుకు అనేవాడు. ఆ పట్టుతోనే 1969లో హెచ్1300 కారు వచ్చింది. శక్తి ఉంది, కానీ బరువెక్కువ, ఖర్చెక్కువ. పొగ తగ్గించాలంటే ఇంజిన్ వేడి నిలకడగా ఉండాలి, నీళ్లు కావాలి అని కుర్ర ఇంజినీర్లు మొత్తుకున్నారు. ఆయన వినలేదు. వాళ్లు ఫుజిసావా దగ్గరికి వెళ్లారు. ఫుజిసావా వచ్చి హోండాను ఒక్కటే అడిగాడు: నువ్వు కంపెనీకి అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజినీరుగా ఉంటావా? అధ్యక్షుడిగా ఉండాలి అన్నాడు హోండా. అయితే కుర్రాళ్లను నీళ్ల ఇంజిన్ చేయనివ్వాలి కదా? సరే అన్నాడు. 1972లో సీవీసీసీ అనే, పొగ తక్కువ వదిలే నీళ్ల ఇంజిన్ బయటికొచ్చి, అమెరికా కొత్త కాలుష్య చట్టం పరీక్షలో అందరికన్నా ముందు నెగ్గింది. ఆ మరుసటి ఏడు 1973లో, కంపెనీకి పాతికేళ్లు నిండినప్పుడు, 66 ఏళ్ల హోండా, 62 ఏళ్ల ఫుజిసావా ఇద్దరూ కలిసి పదవులు దిగిపోయారు.

దీని గురించి వచ్చేసారి వివరంగా చెప్తాను. ఈలోగా మీకు బాగా వచ్చిన పని ఏదో, దాని గురించి కుర్రవాళ్లు మాట్లాడబోతే మీరు ఎక్కడ నోరు మూయిస్తారో గుర్తుచేసుకోండి. రాయక్కర్లేదు, గుర్తుచేసుకుంటే చాలు.

ఈ వారం అభ్యాసం కష్టంగానే ఉంటుంది. ఏడు రోజులు వరసగా చేయాలి, ఒక రోజు తప్పితే మళ్లీ ఒకటో రోజు నుంచి. మీ కొట్టులో వెనక్కి వచ్చింది, పాడైంది, మిగిలిపోయింది, ఎవరో ముఖం చిట్లించింది, ఏదైనా సరే, జరిగిన గంటలోపు రాయండి. ఏ వస్తువు, ఎన్ని, ఏ టైముకు, ఎవరి చేతిలో ఉండగా. కారణం మాత్రం రాయొద్దు. కారణం తొందరపడి రాస్తేనే రోలర్లు కొంటాం. ఏడో రోజు రాత్రి చదివి, అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఒక్కటి ఎంచుకోండి. బస్సులో వెళ్లి రాగలిగినంత దూరంలో దాని గురించి మీకన్నా తెలిసినవాళ్లు ఎవరున్నారో కనుక్కోండి. గుమాస్తా కావచ్చు, మీ దగ్గర పని మానేసిన మనిషి కావచ్చు, ఎదురు హోటల్ మాస్టర్ కావచ్చు. ఆయన దగ్గరికి ఎనిమిదో రోజున వెళ్లండి, ఖాళీ చేతులతో మాత్రం వెళ్లొద్దు. చీర అయితే మడతపెట్టి, బిల్లు అయితే అసలు కాగితం, ఇడ్లీ అయితే స్టీలు డబ్బాలో పెట్టుకుని వేడి ఆరకముందే తీసుకెళ్లండి.