పాత ఎంజీబీ కొనే ముందు చూసుకోవాల్సినవి

పెయింట్ నిగనిగలాడుతోందని మోసపోకండి. ఎంజీబీ అనే ఈ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని బలం. అందుకే తలుపుల కింద పొడవునా ఉండే ఇనుప అంచులు, అంటే సిల్స్ దగ్గర ముందు మోకాళ్ల మీద కూర్చోండి. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి అంచు పొడవునా జరుపుతూ పోండి. ఎక్కడ పట్టు వదిలి జారిందో అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. ఇంజిన్‌కైతే రిపేరు ఉంది. సిల్స్ కుళ్లిన బండిని మాత్రం ఎంత చవగ్గా ఇస్తామన్నా నేను వద్దనే అంటాను.

– ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీదవాటితో సరిపోవాలి. 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ఆ నంబరుతో రోజూ రోడ్డు మీద తిరగడం కుదరదు.

– టైర్ల అరుగుదల కంటే వయసు ముఖ్యం. పక్కన 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారీ.

– 1967కు ముందువాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి కలిపేది బ్యాటరీ ప్లస్ వైరు. బ్యాటరీ వైర్లు తగిలించేటప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కనే నిలబడండి.

– తిరుపతి మధ్యాహ్నపు ఎండలో పావుగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచి టెంపరేచర్ ముల్లు చూడండి.

బండి చేతికొచ్చాక మనసు కాణిపాకం పూజ మీదికే పోతుంది. ఒక్క వారం ఆగండి. ముందు బ్రేక్ హోసులు, పెట్రోలు పైపులు, కూలెంట్ మార్పించండి. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పాడై చిట్లుతుంది. వేడి ఇంజిన్ మీద చుక్క కారినా మంటే. భాకరాపేట ఘాట్ ఆ తర్వాతే, దిగేటప్పుడు రెండో గేర్‌లో.