లైవ్ షోలో ఎక్కడ నిలబడాలి? ముందు వరసలో మాత్రం కాదు

తన పాటలు తానే రాసుకుని, గిటార్ పట్టుకుని పాడే గాయకుడి షోకి వెళ్లొచ్చిన వాళ్లని అడిగి చూడండి. "స్టేజీకి పదడుగుల దూరంలో ఉన్నాం" అని ఫొటోలు చూపిస్తారు. పాట ఎలా వినపడిందని అడిగితే నసుగుతారు. హైదరాబాద్, బెంగళూరు, ముంబై అని ఈ షోలకి చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. అందరూ చేసే తప్పు ఒకటే. అదొక్కటే వివరంగా చెబుతాను, మిగతావి గబగబా.

టికెట్ల అమ్మకం మొదలయ్యే ముందే యాప్‌లో లాగిన్ అయి కూర్చోండి. ఇంట్లో ముగ్గురుంటే మూడు ఫోన్లతో ప్రయత్నించండి. దొరక్కపోతే బ్లాకులో కొనకండి. బూట్లు వేసుకోండి, చెప్పులతో వస్తే కాళ్లు తొక్కించుకుంటారు. పవర్ బ్యాంకులు చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు, ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుని రండి. తిండి ముందే కానిచ్చేయండి.

సినిమాకి వెళ్లినట్టు పేర్లు పడేసరికి చేరదాం అంటే కుదరదు. ఆరుబయట రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదని రూలు. అందుకే ఆలస్యమైతే పాటలు తగ్గుతాయి గానీ షో పొడిగించరు. ఇలా గిటార్‌తో పాడే ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరి 2న హైదరాబాద్ వచ్చినప్పుడు పాడింది రామోజీ ఫిల్మ్ సిటీలో. మియాపూర్‌లో ఉండేవాళ్లకి ఎల్బీనగర్ దాకా మెట్రోలో ఒక ప్రయాణం, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీద ఇంకో ప్రయాణం. గేట్లు తీసే టైముకే అక్కడ ఉండండి.

ఇక అసలు సంగతి.

స్టేజీకి ఎదురుగా, మైదానం మధ్యలో ఒక టెంటు ఉంటుంది. చాలామంది దాన్ని అడ్డం అనుకుని తిట్టుకుంటూ పక్కనుంచి ముందుకి పరిగెడతారు. అందులో మిక్సర్ ముందు, అంటే గొంతునీ వాయిద్యాలనీ కలిపే బటన్ల బల్ల ముందు, సౌండ్ ఇంజనీరు ఉంటాడు. గొంతు ఎంత ఉండాలి, గిటార్ ఎంత ఉండాలి అన్నది అక్కడ నిలబడి, తన చెవులతో విని సరిచేస్తాడు. కాబట్టి మీరు నిలబడాల్సింది ఆ టెంటు ముందు. వెనక నిలబడితే స్టేజీ కనపడదు.

ముందు వరసలో ఏమవుతుందంటే, గొంతు వినిపించే పెద్ద స్పీకర్లు స్టేజీకి రెండు పక్కలా ఎత్తున వేలాడుతుంటాయి, దూరంగా ఉన్నవాళ్లకీ అందాలని. ఆ గొంతులో చాలా భాగం మీ తల మీదుగా వెళ్లిపోతుంది. బేస్ స్పీకర్లేమో నేల మీద, సరిగ్గా మీ పొట్టకి ఎదురుగా. తీన్‌మార్ అయితే ఆ దడదడ బాగానే ఉంటుంది. ఎడ్ షీరన్ షోలో అలా కాదు. చాలా పాటలకి ఒక్కడే నిలబడి, గిటార్ చెక్క మీద దరువేసి, దాన్ని కాలి దగ్గరి పెడల్‌తో రికార్డు చేసి మళ్లీ మళ్లీ మోగిస్తూ, దాని మీద తీగలు, ఆ పైన గొంతు పొరలు పొరలుగా పేరుస్తాడు. ఏ పొర ఎప్పుడు చేరిందో తెలియకపోతే అంత దూరం వెళ్లి దండగ.

అలాగని మరీ వెనక్కీ పోకండి. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. మీరు 100 మీటర్ల వెనక ఉంటే, తెర మీద అతను తీగ మీటిన 0.3 సెకన్లకి గానీ ఆ చప్పుడు మీ చెవిన పడదు. డబ్బింగ్ కుదరని సినిమా చూసినట్టుంటుంది.

టెంటు ముందు చేరాక పరీక్ష చేసుకోవాలి. ఇది అసలు గాయకుడు వచ్చేదాకా ఆపకండి, ముందు పాడేవాళ్ల టైములోనే చేయండి. కళ్లు మూసుకుని మాటలు వినండి. ‘స’, ‘ట’ లాంటి అక్షరాలు విడిగా తెలియాలి. బొంగురుగా ఉంటే ఐదడుగులు పక్కకి జరిగి మళ్లీ వినండి. తేడా ఉంటుంది, ఒట్టు. చోటు కుదిరాక టెంటు చుట్టూ ఉండే కంచెకి వీపు ఆనించండి. వెనక నుంచి తోసేవాళ్లు ఉండరు, నడుమూ బతికిపోతుంది.

ఆ టెంటు ఏ టికెట్ జోన్‌లోకి వస్తుందో కొనే ముందే మ్యాప్‌లో చూసుకోండి. రెండో జోన్ ముందు కంచె టెంటు పక్కనే ఉంటే, నాకు ఖరీదైన టికెట్ కంటే అదే మేలు. "కళ్లెదుట చూడ్డానికే కదా బావా వెళ్లేది" అని మా బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు. ముఖం చూడ్డానికి అంత పెద్ద తెర పెట్టారు కదా!

నేనూ మొదటిసారి ముందుకే ఉరికాను. స్పీకర్ పక్కన నిలబడి, రెండు రోజులు చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. దూది పనికిరాదు. స్పాంజి ఇయర్‌ప్లగ్స్ చెవిని కాపాడతాయి గానీ, పాటకి దుప్పటి కప్పినట్టుంటుంది. పాట చెడకుండా చప్పుడు మాత్రం తగ్గించే ఫిల్టర్ ఉన్నవి కొనుక్కోండి.

ఫోన్ జేబులో ఉంచండి. అదే టూర్‌లో ఫిబ్రవరి 9న బెంగళూరులో ఎడ్ షీరన్ గాయని శిల్పారావుతో కలిసి తెలుగు పాట పాడాడు. అలాంటప్పుడు తీయండి, కాదనను.

షో అయ్యాక అందరితో పాటు గేటు వైపు తోసుకోకండి. ఎలాగూ అరగంట దాకా క్యాబ్ దొరకదు. అక్కడే ఉండి, టెంటులో వాళ్లు వైర్లు చుట్టుకునేటప్పుడు పాటల వరస రాసిన కాగితం ఉందేమో మర్యాదగా అడగండి. పనిలేనిదైతే ఇచ్చేస్తారు. నా దగ్గర మూడున్నాయి, ఒకదాని మీద టీ మరక కూడా ఉంది.