మే చలికి ముందే మేలుకోండి: చిగురేసిన ద్రాక్షకు జాగ్రత్తలు

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ దగ్గర ద్రాక్ష పెంచుతున్న నాకు జనవరి చలికన్నా మే చలి అంటేనే ఎక్కువ భయం. నడి చలికాలంలో నిద్రలో ఉన్న రీస్లింగ్ (వైన్ చేసే ఒక ద్రాక్ష రకం) మొగ్గ మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌ను కూడా తట్టుకుంటుంది. అదే మొగ్గ విచ్చుకుని చిగురేశాక మాడిపోవడానికి మైనస్ 2 చాలు. 2023 మే 18 తెల్లవారుజామున జరిగింది అదే. ముందురోజు వేలెడు పొడవున నిలబడ్డ చిగుళ్లు మధ్యాహ్నానికి వేడినీళ్లలో ముంచి తీసిన తోటకూరలా వేలాడిపోయాయి. సాయంత్రానికి నల్లబడ్డాయి.

మొదటి పని కత్తిరింపులు. హైదరాబాద్ చుట్టుపక్కల తోటలు చూసి పెరిగినవాళ్లకు కత్తిరింపు అంటే ఏడాదికి రెండుసార్లు. ఇక్కడ ఒక్కసారే, చలికాలం చివర. పల్లంలోని వరుసలను అన్నిటికన్నా ఆఖరున కత్తిరించండి. కత్తిరించని కొమ్మకు కొస మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, మనకు కావాల్సిన మొదలు దగ్గరి మొగ్గలు ఇంకా నిద్రలోనే ఉంటాయి. అలా కొన్ని రోజులు కలిసొస్తాయి.

వరుసల మధ్య గడ్డిని నేలబారుగా కోసేయండి. తడిగా, గట్టిగా ఉన్న నేల పగటి ఎండను దాచుకుని రాత్రి వదులుతుంది. పొడిగా ఉంటే రెండు రోజుల ముందే తడి పెట్టండి, ఆ వారం దున్నకండి. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి పారుతుంది. కింద పొద గానీ కట్టెల కుప్ప గానీ అడ్డం ఉంటే చెరువు కట్టినట్టు అక్కడే నిలిచిపోతుంది.

ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రతను నమ్ముకోవద్దు. పల్లంలో, చిగురు ఎత్తున థర్మామీటరు కట్టండి. ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో పెడితే సున్నా చూపిస్తోందో లేదో ముందే సరిచూసుకోండి. గాలి, మబ్బు లేకుండా చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రే ప్రమాదం.

స్ప్రింక్లర్లు ఉంటే మరీ జాగ్రత్త. నీళ్లు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడి వదులుతాయి. చిగురును కాపాడేది ఆ వేడే. మధ్యలో నీళ్లు ఆగాయంటే, తడి ఆరుతూ చిగురులోని వేడిని లాగేస్తుంది. అప్పుడు అసలు తడపని తీగే నయం. గాలి పొడిగా ఉంటే సున్నాకు రాకముందే మొదలుపెట్టాలి, పొద్దెక్కి ఐసు కరిగి రాలేదాకా ఆపకూడదు. రాత్రంతా సరిపడా నీళ్లు, డీజిల్ లేకపోతే దాని జోలికి పోకండి. పొగ పెట్టినా లాభం లేదు, నేల నుంచి పైకి పోయే వేడిని పొగ ఆపలేదు. షెడ్డు లోపల మాత్రం జనరేటరు నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీసేస్తుంది.

దెబ్బ తగిలినా టెన్షన్‌తో వెంటనే కత్తెర తీయకండి. వారం, పది రోజులు ఆగండి. ద్రాక్ష కన్నులో మూడు మొగ్గలు ఒదిగి ఉంటాయి. పెద్దది పోతే రెండోది లేస్తుంది. రీస్లింగ్‌లో ఆ చిగురుకు గుత్తులు తక్కువ, పండడం ఆలస్యం. మిగతా తోట కోతకొచ్చేసరికి వాటిలో తీపి తక్కువ, పులుపు ఎక్కువ. అందుకే ఆ తీగలకు ఇప్పుడే రంగు రిబ్బను కట్టండి. కోతలప్పుడు ఆ గుత్తులను విడిగా కోసి, విడిగా పిండి, వేరే జాడీలో పులియబెట్టండి.